ట్యాంక్‌లో పెట్టే రాళ్లు, డ్రిఫ్ట్‌వుడ్: ఏది మరిగించాలి, ఏది మరిగించకూడదు?

కొత్తనీరు

అందరికీ నమస్కారం. 100 లీటర్ల మంచినీటి ట్యాంక్ సిద్ధం చేసుకుంటున్నాను. నియాన్ టెట్రా, కోరిడోరాస్ చేపలు పెట్టి, ట్యాంక్ కుదురుకున్నాక కొన్ని చెర్రీ రొయ్యలు కూడా వేయాలని ఉంది. ఏటి ఒడ్డున ఏరిన నాలుగైదు రాళ్లు, డ్రిఫ్ట్‌వుడ్‌గా పెడదామనుకున్న, బాగా ఎండిన ఒక వేరు మొద్దు నా దగ్గర ఉన్నాయి. రాళ్లలో ఒకటి బూడిద రంగు, దాని నిండా తెల్ల చారలు. ఒకటి నల్లగా, బరువుగా ఉంది. మిగతావి గులాబీ, తెలుపు చుక్కలవి.

అడిగిన వాళ్లంతా "అరగంట మరిగించి వేసెయ్యి" అంటున్నారు. అది చాలా? చేపలు వచ్చాక ఇబ్బంది పడే కన్నా ముందే అడిగి తెలుసుకుందామని రాస్తున్నాను.

రాతిపొర

రాళ్లను మాత్రం గిన్నెలో వేసి మరిగించకండి, ఓవెన్‌లోనూ మైక్రోవేవ్‌లోనూ పెట్టకండి. రాతి లోపల కంటికి కనబడని పగుళ్లు, ఖాళీలు ఉంటాయి. ఏటిలో ఏళ్ల తరబడి ఉన్న రాయి వాటిలో నీరు పట్టి ఉంటుంది. గబగబా వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై, బయటికి దారి లేక రాయిని పగలగొడుతుంది. ముక్కలు ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. అన్ని రాళ్లూ పగలవు, నిజమే. కానీ ఏది పగులుతుందో పైకి చూసి చెప్పలేం.

మరిగిస్తే పోయేవి క్రిములు మాత్రమే. రాతితో అసలు చిక్కు క్రిములు కాదు, రాయి దేనితో తయారైందన్నది. సున్నపురాయిని ఎంతసేపు మరిగించినా అది సున్నపురాయే.

మీ చుక్కల రాళ్లు గ్రానైట్ అయి ఉండొచ్చు. నల్లది బసాల్ట్ కావచ్చు. ఆ రెండూ నీటిలో కరగవు, నిశ్చింతగా వాడుకోవచ్చు. తెల్ల చారలున్న బూడిద రాయి మీదే నాకు అనుమానం. ఆ చారలు క్వార్ట్జ్ అయితే పర్వాలేదు, సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అయితే నీటిని మారుస్తుంది. స్టీలు మేకుతో చార మీద గీయండి. క్వార్ట్జ్ మీద గీత పడదు, కాల్సైట్ మీద సులువుగా పడుతుంది. గీసినప్పుడు రాలిన పొడి మీద వెనిగర్ చుక్కలు వేసి దగ్గరగా చూడండి. బుడగలు వస్తే అది కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి.

సిక్లిడ్‌గుహ

రాతిపొర గారు చెప్పింది నిజమే. ఒక్క మాట కలుపుతాను: సున్నపురాయి చెడ్డ రాయేమీ కాదు. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలకు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీరు, ఎక్కువ పీహెచ్ కావాలి. నా ట్యాంక్‌లో సున్నపురాళ్లే పేర్చాను, కేహెచ్ (నీటిలోని కార్బొనేట్ల కొలత) పడిపోకుండా అవే కాపాడుతున్నాయి. కాబట్టి ఏ రాయి మంచిది అని అడిగే ముందు మన చేపలు ఏ నీటివో చూసుకోవాలి. నియాన్ టెట్రాలు మెత్తని, కొంచెం ఆమ్ల గుణమున్న నీటి చేపలు. మీ ట్యాంక్‌కు ఆ రాయి తగదు.

రొయ్యలగుంపు

చెర్రీ రొయ్యలంటున్నారు కాబట్టి నా వైపు నుంచి ఒక హెచ్చరిక. రాతి మీద ఆకుపచ్చ, నీలం మచ్చలుంటే రాగి ఖనిజం కావచ్చు. రొయ్యలకు, నత్తలకు రాగి చాలా తక్కువ మోతాదులోనూ విషమే. బంగారంలా మెరిసే గింజలుంటే పైరైట్, వెండిలా మెరుస్తూ చేతికి మామూలు రాయి కన్నా బాగా బరువుగా తగిలితే సీసపు ఖనిజం కావచ్చు. తుప్పు చారలున్న రాళ్లను కూడా నేను పక్కన పెడతాను. అందంగా ఉన్నాయని వీటి విషయంలో ఆశపడొద్దు.

కాస్త జీహెచ్ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కొలత) ఉంటే రొయ్యలకు మంచిదే, పెంకు కట్టడానికి కాల్షియం కావాలి. కానీ అది ఎంత ఉండాలో మనం నిర్ణయించాలి తప్ప రాయికి వదిలేయకూడదు.

నాచుదిబ్బ

వెనిగర్ పరీక్షను పూర్తిగా నమ్మకండి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతమే. డోలమైట్ లాంటి కార్బొనేట్ రాయి కూడా దానికి పెద్దగా స్పందించదు. ట్యాంక్ అలంకరణకు అమ్మే సీర్యూ రాయి కూడా అంతే, చాలా మంది వెనిగర్ వేసి, బుడగలు రాలేదని ట్యాంక్‌లో పెట్టేస్తారు. తర్వాత జీహెచ్, కేహెచ్ పెరుగుతుంటే కారణం తెలియక తల పట్టుకుంటారు.

నా లెక్కలో బకెట్ పరీక్షే అసలైన పరీక్ష. ఒకే నీటిని రెండు బకెట్లలో పట్టండి. ఆర్ఓ నీరు దొరికితే మరీ మంచిది, చిన్న మార్పు కూడా తెలుస్తుంది. ఒక దానిలో రాయి వేయండి, రెండో దానిలో ఏమీ వేయకండి. మొదట రెండింటిలోనూ జీహెచ్, కేహెచ్, పీహెచ్ చూసి రాసుకుని, వారం తర్వాత ఒకసారి, రెండు వారాల తర్వాత ఇంకోసారి చూడండి. రెండో బకెట్ ఎందుకంటే నీరు ఊరికే నిలవ ఉన్నా పీహెచ్ మారుతుంది. ఆ మార్పును రాయి ఖాతాలో వేయకూడదు కదా. నీరు ఆవిరైతే అంకెలు పెరుగుతాయి కాబట్టి రెండింటికీ మూత పెట్టండి.

మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ వాయువు నీటిలో కార్బానిక్ ఆమ్లంగా మారి సున్నాన్ని త్వరగా కరిగిస్తుంది. బకెట్‌లో నెమ్మదిగా కరిగిన రాయే ట్యాంక్‌లో వేగంగా కరుగుతుంది.

కొత్తనీరు

చాలా థాంక్స్ అండి. మేకుతో గీశాను. బూడిద రాతి చార మీద గీత పడింది, పొడి మీద వెనిగర్ వేస్తే సన్నగా బుడగలు వచ్చాయి. రాతి ముఖం మీద నేరుగా వేసినప్పుడు మాత్రం ఏమీ కనబడలేదు. బకెట్ పరీక్ష కూడా మొదలుపెట్టాను.

మరిగించకూడదంటే క్రిములను ఎలా వదిలించుకోవాలి? ఏటి రాళ్లు కదా, నత్త గుడ్లు, నాచు ఉంటాయేమోనని భయం. బ్లీచ్ వాడొచ్చా?

రాతిపొర

వాడొచ్చు, రాళ్లకు మాత్రమే. మొదట గట్టి బ్రష్‌తో, ఉత్త నీటితో రుద్దండి. సబ్బు, డిటర్జెంట్ వద్దు. మురికిలో సగానికి పైగా రుద్దుడుతోనే పోతుంది, బ్లీచ్ చేసే పని ఆ తర్వాతే. పరిమళం, సబ్బు గుణం కలపని మామూలు ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 19 వంతుల నీరు కలిపి, రాళ్లను పది, పదిహేను నిమిషాలు ఉంచండి. తీసి బాగా కడిగి, డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను తీసేసే మందు) కలిపిన నీటిలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయే వరకు గాలికి ఆరబెట్టండి. గ్రానైట్, బసాల్ట్ గట్టి రాళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. రంధ్రాలున్న లావా రాయి, డ్రాగన్ రాయి అయితే బ్లీచ్ లోపల మిగిలిపోవచ్చు, వాటికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మేలు. అది చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. డ్రాగన్ రాయి రంధ్రాల్లో బంకమట్టి కూరుకుపోయి ఉంటుంది, దాన్ని పుల్లతో గీకి, నీటి ధారతో కడగాలి. ఓపిక కావాలి ఆ రాయికి.

ముఖ్యమైనది: బ్లీచ్ తడి ఉన్న రాయి మీద వెనిగర్ వేయొద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. వెనిగర్ పరీక్ష ముందు చేసి, రాయిని కడిగి ఆరబెట్టాకే బ్లీచ్ సంగతి చూడండి. రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకపోతే ఇంకా మంచిది. బ్లీచ్ పని ఆరుబయట, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి.

పగడాలగది

ఇది మంచినీటి చర్చే అయినా, సముద్రపు ట్యాంక్ వాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి రాస్తున్నాను. లైవ్ రాక్‌ను, అంటే జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాయిని, ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించకండి, దాని మీద వేడినీళ్లు పోయకండి. దాని మీద జొయాంథిడ్ పగడాలు ఉంటే, వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడికి అది ఆవిరితో పాటు గాలిలో కలిసి, ఆ ఇంట్లో ఉన్న వాళ్లందరికీ ఊపిరి అందకుండా చేయగలదు. పెంపుడు జంతువులకు కూడా ప్రమాదమే. అమెరికాలోని అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య ఇళ్లలోనూ అక్వేరియం షాపుల్లోనూ ఈ పగడాల వల్ల మనుషులు జబ్బు పడిన సంఘటనలను అక్కడి ఆరోగ్య అధికారులు నమోదు చేశారు. వాడేసిన సముద్రపు రాళ్లు ఎవరైనా ఉచితంగా ఇస్తే, శుభ్రం చేద్దామని స్టవ్ మీద పెట్టే వాళ్లున్నారు. దయచేసి ఈ మాట నలుగురికీ చెప్పండి.

కొత్తనీరు

ఇంత ప్రమాదం ఉంటుందని నాకు తెలియనే తెలియదు. థాంక్స్ అండి. ఇక వేరు మొద్దు సంగతి చెప్పండి. అది ఏ చెట్టుదో తెలియదు. పైన అక్కడక్కడ బెరడు ఉంది.

నల్లనీళ్లు

చెట్టు పేరు తెలియకపోవడం ఇక్కడ పెద్ద విషయమే. గన్నేరు లాంటి విషపు చెట్లు, తుంచితే పాలు కారే చెట్లు, పైన్, దేవదారు లాంటి జిగురు చెట్ల కర్ర ట్యాంక్‌కు పనికిరాదు. పేరు తెలియనప్పుడు కనీసం ఇవి చూడండి. ఒక చివర కోసి వాసన చూడండి: ఘాటైన జిగురు వాసన, పుల్లటి కుళ్లు వాసన వస్తే వదిలేయండి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి: మెత్తగా దిగిపోతే లోపల కుళ్లింది. లోపల ఇంకా పచ్చిదనం ఉంటే నెలల తరబడి ఎండాలి. రంగు, వార్నిష్, మేకుల గుర్తులు ఉంటే అది ఎవరి కంచెదో, ఇంటిదో అయి ఉంటుంది. అలాంటి కర్రకు చెదలు పట్టకుండా రాగి, ఆర్సెనిక్ మందులు పట్టించి ఉండొచ్చు. పొలాల మురుగు, ఫ్యాక్టరీ నీరు చేరే చోట దొరికిన కర్ర కూడా వద్దు, మందులను లోపలికి పీల్చుకుని ఉంటుంది. ఇన్ని చూశాక కూడా అనుమానం మిగిలితే ఆ మొద్దును పక్కన పెట్టి, పేరు తెలిసిన కర్ర కొనుక్కోవడమే నా సలహా. చేపలతో ప్రయోగం చేయొద్దు.

కర్ర మంచిదే అనుకుందాం. బెరడు మొత్తం తీసేయండి. బెరడు ముందుగా కుళ్లి, రాలి, ఫిల్టర్‌లో చేరుతుంది. మెత్తబడిన భాగాలను కత్తితో గీకి, బ్రష్‌తో రుద్దండి. కర్రకు బ్లీచ్ ముట్టించకండి, అది లోపలికి ఇంకితే పూర్తిగా బయటికి వచ్చిందో లేదో తెలుసుకోవడం కష్టం.

తర్వాత మరిగించడం. కర్రను మరిగిస్తే మూడు పనులు అవుతాయి: క్రిములు, గుడ్లు చస్తాయి; నీటికి రంగు తెచ్చే టానిన్లు వేగంగా బయటికి వస్తాయి; కర్ర త్వరగా మునుగుతుంది. గంట, రెండు గంటలు చాలు, మధ్యలో నీరు మార్చండి. ఒక చిన్న సంగతి చాలా మంది వదిలేస్తారు: స్టవ్ ఆపాక కర్రను వెంటనే తీయకండి. అదే నీటిలో మునిగి ఉండగానే చల్లారనివ్వండి. వేడికి కర్ర సందుల్లోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. చల్లారేటప్పుడు ఆ ఖాళీల్లోకి నీరు చేరుతుంది. వేడిగా ఉన్నప్పుడే బయటికి తీస్తే ఆ ఖాళీలు మళ్లీ గాలితోనే నిండుతాయి.

గిన్నెలో పట్టకపోతే ఒక చివర, తర్వాత రెండో చివర మరిగించండి.

నాచుదిబ్బ

నల్లనీళ్లు గారితో ఒక్క చోట విభేదిస్తాను. గంటల కొద్దీ మరిగిస్తే కర్ర పైపొర మెత్తబడి, ట్యాంక్‌లో త్వరగా పాడవుతుంది. సన్నని కొమ్మలున్న స్పైడర్ వుడ్‌కు ఇది మరీ ఎక్కువ. నేను ఒకసారి కాసేపు మరిగించి, ఆ తర్వాత పెద్ద డ్రమ్ములో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీరు మారుస్తాను. ఆలస్యమవుతుంది, కానీ కర్ర గట్టిగా మిగులుతుంది. తొందర లేని వాళ్లకు ఇదే మంచి పద్ధతి అని నా అభిప్రాయం.

నల్లనీళ్లు

స్పైడర్ వుడ్ విషయంలో మీ మాటే సరి. నేను మోపానీ, మలేషియన్ కర్రలను దృష్టిలో పెట్టుకుని రాశాను. అవి గట్టివి, టానిన్లు కూడా దండిగా వదులుతాయి. మోపానీ చాలావరకు మొదటి రోజే మునుగుతుంది.

అసలు కర్ర ఎందుకు తేలుతుందో తెలిస్తే ఓపిక దానంతట అదే వస్తుంది. కర్ర కణాల గోడల సాంద్రత నీటికి సుమారు ఒకటిన్నర రెట్లు. తేలుస్తున్నది ఆ కణాల్లో చిక్కుకున్న గాలే. గాలి పోయి నీరు నిండితే ఏ కర్రయినా మునగాల్సిందే. అంతవరకు ఆగలేకపోతే అడుగున ఒక పలక రాయి పెట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో బిగించండి. జింక్ పూత ఉన్న స్క్రూలు, ఇత్తడి స్క్రూలు వద్దు, ఇత్తడిలోని రాగి లాగే జింక్ కూడా రొయ్యలకు విషమే.

చిన్నట్యాంక్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను కర్ర పెట్టాక నీరంతా టీ డికాషన్ రంగులోకి మారింది. పీహెచ్ పడిపోతుందా? చేపలకు ఏమైనా అవుతుందా?

నల్లనీళ్లు

అవి టానిన్లు, హాని లేదు. రియో నీగ్రో లాంటి నదుల్లో నీరు సహజంగానే ఆ రంగులో ఉంటుంది. నియాన్ టెట్రాల బంధువులైన కార్డినల్ టెట్రాలు అలాంటి నీళ్లలోనే పుట్టి పెరుగుతాయి. ఆ రంగులో వాటి నీలం, ఎరుపు ఎంత బాగా కనిపిస్తాయో మాటల్లో చెప్పలేను. పీహెచ్ ఎంత తగ్గుతుందన్నది మీ కేహెచ్‌ను బట్టి ఉంటుంది. కేహెచ్ బాగా ఉంటే కర్ర వల్ల పీహెచ్ దాదాపు కదలదు. 1, 2 డిగ్రీల దగ్గర ఉంటే మాత్రం కొలుస్తూ ఉండాలి. రంగు నచ్చకపోతే నీరు మార్చండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. కార్బన్ కొన్ని వారాల్లో నిండిపోతుంది, దాన్ని మార్చాలి.

కొత్తనీరు

బకెట్ పరీక్ష ముగిసింది. రాయి లేని బకెట్‌లో కేహెచ్ 3 దగ్గరే ఉంది. బూడిద రాయి ఉన్న దానిలో 6కు చేరింది, జీహెచ్ కూడా పెరిగింది. గ్రానైట్, నల్ల రాయి వేసిన మూడో బకెట్‌లో ఏ మార్పూ లేదు. బూడిద రాయి పక్కన పెట్టేశాను.

మొద్దు ఒక చివర కోసి చూస్తే లోపల మెత్తగా, నల్లగా ఉంది. దాన్ని కూడా వదిలేసి, పేరు తెలిసిన స్పైడర్ వుడ్ తెచ్చి, కొద్దిసేపు మరిగించి, చల్లారే వరకు అదే నీటిలో ఉంచి, నానబెట్టాను. ఇప్పుడు దాని మీద తెల్లగా జెల్లీ లాంటి పొర వచ్చింది. టెన్షన్‌గా ఉంది. పాడైపోయిందా?

రొయ్యలగుంపు

అస్సలు టెన్షన్ పడకండి. కర్రలోని చక్కెరలను తింటూ పెరిగే ఫంగస్, బ్యాక్టీరియా పొర అది. బయోఫిల్మ్ అంటాం. స్పైడర్ వుడ్‌కు దాదాపు ప్రతిసారీ వస్తుంది, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. పాత బ్రష్‌తో తుడిచేయొచ్చు, మళ్లీ వస్తుంది, మళ్లీ తుడవండి. రొయ్యలు, నత్తలు, ఓటోసింక్లస్ చేపలు దాన్ని ఇష్టంగా తింటాయి. కాకపోతే పొర మరీ దట్టంగా ఉంటే ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి నీటి పైభాగం కదిలేలా ఫిల్టర్ ధారను తిప్పండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే మాత్రం అది వేరే సంగతి. కర్ర లోపల కుళ్లుతోందని అర్థం, బయటికి తీసేయండి.

సిక్లిడ్‌గుహ

రాళ్లు పెట్టే తీరు గురించి కూడా. పెద్ద రాళ్లను ముందే, ఖాళీ ట్యాంక్‌లో, అడుగున పలుచని ఫోమ్ షీట్ వేసి దాని మీద కుదిరేలా పెట్టండి. ఇసుక ఆ తర్వాత పోయండి. ఇసుక మీద రాయి పెడితే తవ్వే చేపలు కింద గుంత చేస్తాయి, రాయి ఒరిగి అద్దానికి తగులుతుంది. కోరిడోరాస్ కూడా ఇసుకను కదుపుతూనే ఉంటాయి. వాటి మీసాలు సున్నితమైనవి, అవి తిరిగే చోట లావా రాయి లాంటి పదునైన రాళ్లు వద్దు. చేత్తో కాస్త నెట్టి చూడండి, కదిలితే మళ్లీ పేర్చండి.

రాయి మీద రాయి అతికించాలంటే ఫంగస్ మందు కలపని 100 శాతం సిలికాన్ వాడి, వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయే వరకు ఆరనివ్వండి.

నాచుదిబ్బ

నాచు, అనుబియాస్ మొక్కలు రాళ్లకు, కర్రకు అతికించడానికి జెల్ సూపర్ గ్లూ చాలు. అనుబియాస్ కాండం మాత్రం ఇసుకలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. సూపర్ గ్లూతో దూది, టిష్యూ కలిపి రాళ్లను అతికించే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. దూదికి సూపర్ గ్లూ తగిలితే బాగా వేడెక్కి పొగ వస్తుంది, వేళ్లు కాలతాయి. కిటికీ తెరిచి, ముఖం దూరంగా పెట్టుకుని, కొంచెం కొంచెంగా వాడండి.

రాతిపొర

అందరూ మర్చిపోయే ఇంకొకటి. 10 కిలోల గ్రానైట్ సుమారు 3.7 లీటర్ల నీటి చోటు ఆక్రమిస్తుంది. ఇసుక, కర్ర, పైన వదిలిన ఖాళీ కూడా తీసేస్తే మీ 100 లీటర్ల ట్యాంక్‌లో నిజంగా పట్టే నీరు 100 లీటర్ల కన్నా బాగా తక్కువ. మందు వేయాల్సి వస్తే డబ్బా మీది కొలత అసలు నీటికే లెక్కించాలి. నింపేటప్పుడే లీటర్ బకెట్‌తో కొలుచుకుంటూ పోసి, ఆ అంకెను ట్యాంక్ వెనక చిన్న కాగితం మీద రాసి అతికించండి. రాగి ఉన్న మందు ఎప్పుడైనా వాడితే ఆ రాళ్లను, కర్రను రొయ్యల ట్యాంక్‌లోకి మళ్లీ మార్చకండి.

కొత్తనీరు

ఇప్పుడే కొలుస్తూ నింపాను, 83 లీటర్లు పట్టింది. కాగితం అతికించాను. చేపలు ఇంకా తేలేదు, ఫిల్టర్ తిరుగుతోంది, అమ్మోనియా, నైట్రైట్ కొలుస్తున్నాను. అవి సున్నాకు వచ్చాక కోరిడోరాస్ ముందు వేయాలా, టెట్రాలు ముందా అన్నది వేరే చర్చలో అడుగుతాను.